చికెన్ రోజున మాకు బంగాళాదుంప వేపుడు

ప్రశ్న: అక్కా, మాది కావలి. ఒంగోలులో బీటెక్ రెండో సంవత్సరం చదువుతూ హాస్టల్‌లో ఉంటున్నాను. మా ఇంట్లో గుడ్డు కూడా ముట్టం. నా బరువు 52 కిలోలు. ఆదివారం అందరికీ చికెన్ పెడితే మాకు బంగాళాదుంప వేపుడు, ఒక స్వీటు పెట్టి సరిపెడతారు. మిగతా రోజుల్లో పప్పు పేరుతో పోసేది నీళ్ళే. మధ్యాహ్నం క్లాసులో నిద్ర ముంచుకొస్తోంది, జుట్టు ఊడుతోంది. ఇదంతా ప్రొటీన్ లేకేనని, మూడు వేలు పెట్టి పౌడర్ డబ్బా కొనమని రూమ్మేట్ చెబుతోంది. ఇంట్లో అడగాలంటే మొహమాటంగా ఉంది. కొనమంటారా?

జవాబు: వద్దమ్మా. ముందు ఆ మూడు వేల సంగతి మర్చిపోయి, లెక్క చూద్దాం.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్ళ 2020 లెక్క ప్రకారం పెద్దవాళ్ళకి కిలో బరువుకి రోజూ 0.83 గ్రాముల మంచి ప్రొటీన్ కావాలి. మనలా అన్నం మీదే బతికేవాళ్ళు కిలోకి ఒక గ్రాము అనుకోవడం మేలు, అంటే నీకు 52 గ్రాములు. ఇప్పుడు నీ కంచంలో ఏముంది? పొద్దున నాలుగు ఇడ్లీలు తింటే ఆరు గ్రాములు వస్తాయి. రెండు పూటలా కలిపి పావుకిలో బియ్యం అన్నం తింటావనుకుంటే 18 నుంచి 20 (అవును, అన్నంలో కూడా ఉంటుంది, ఎవరూ లెక్కెయ్యరు). ఆ నీళ్ళ పప్పు, సాంబారు, పల్చటి మజ్జిగ అన్నీ కలిపితే ఇంకో ఎనిమిది. మొత్తం 32, 34 దగ్గర ఆగిపోతున్నావు. తగ్గింది 18 గ్రాములు. దీనికి డబ్బా ఎందుకు, మూడు గుప్పిళ్ళ సరుకు చాలు.

మొదటి గుప్పెడు పుట్నాలు. నానబెట్టే పని లేదు, ఉడికించే పని లేదు, కెటిల్ కనబడితే అరిచే వార్డెన్‌తో గొడవా లేదు. 30 గ్రాములకి ఆరు గ్రాముల దాకా వస్తుంది. రోజూ తిన్నా ఏడాదికి 11 కిలోలు, దాని ధరా డబ్బా ధరా పక్కపక్కన పెట్టి చూసుకో. అసలు నువ్వుండేది శనగల దేశంలో, చలికాలంలో నాగులుప్పలపాడు వైపు బస్సెక్కితే నల్లరేగడిలో శనగ చేలు కనబడతాయి, అక్కడ కూర్చుని ప్రొటీన్ లేదని బాధపడుతున్నావు! రెండో గుప్పెడు చెనక్కాయలు, అంటే వేయించిన వేరుశనగ గింజలు. అంతే తూకానికి ఏడు గ్రాములు. కాకపోతే నూనె గింజలు కదా, సినిమా చూస్తూ పొట్లం ఖాళీ చెయ్యకు.

మూడోది ఇంటి నుంచి రావాలి. హాస్టల్ పిల్లలందరి ట్రంకు పెట్టెల్లోనూ ఆవకాయో గోంగూరో ఒక సీసా ఉంటుంది. ఈసారి కావలి వెళ్ళినప్పుడు దాని పక్కన కందిపొడి డబ్బా కూడా పెట్టమని అమ్మకి చెప్పు. దీనికి మొహమాటం అక్కర్లేదు, అమ్మలకి ఇలా అడిగితేనే సంతోషం. కందిపప్పు ఎర్రగా వేగాక ఎండుమిర్చి, జీలకర్ర, వెల్లుల్లి, ఉప్పు వేసి కొట్టిన పొడి నెలరోజులు ఎటూ పోదు, తడి చెంచా పెట్టకపోతే చాలు. వేడన్నంలో రెండు పెద్ద చెంచాలు, కాస్త నెయ్యి. అక్కడే అయిదు గ్రాములు. ప్రొటీన్‌లో ఒక భాగమైన లైసిన్ అన్నంలో తక్కువ, పప్పులో దండిగా ఉంటుంది, పప్పులో తగ్గేది బియ్యం ఇస్తుంది, కాబట్టి మన పప్పన్నం జత మంచిదే. రాత్రి పడుకోబోయే ముందు గ్లాసు పాలు దొరికితే మరో ఆరు.

ఇక మెస్సులో ఒక చిన్న కిటుకు. పప్పు గిన్నెలో పైన తేలేది నీళ్ళు, పప్పు అడుక్కి దిగిపోయి ఉంటుంది. వడ్డించే అక్కని "ఒకసారి కలిపి వెయ్యక్కా" అని అడుగు, లేదంటే గరిటె అడుగుదాకా పోనిచ్చి నువ్వే వేసుకో. వరసలో మొదట నిలబడిన వాళ్ళకి చారు, చివర వచ్చిన వాళ్ళకి పప్పు, నా హాస్టల్ రోజుల్లోనూ ఇంతే.

పుట్టగొడుగుల కూర పెట్టినరోజు ప్రొటీన్ తిన్నామని మురిసిపోకు, అందులో ఉండేది నీళ్ళే ఎక్కువ. మీల్ మేకర్ అలా కాదు, ఎండువి 30 గ్రాములు నానబెట్టి వండితే 15 గ్రాములు. ధర కూడా పనీర్ కన్నా బాగా తక్కువ. వెజ్ తినేవాళ్ళు పదిమంది కలిసి, ఆదివారం ఆ బంగాళాదుంప బదులు మీల్ మేకర్ కూర వండమని కాగితం మీద రాసి ఇవ్వండి. ఒక్కరే వెళ్తే నవ్వి పంపేస్తారు.

జుట్టు, నిద్ర సంగతి మాత్రం వేరు. అవి ప్రొటీన్ వల్లే అని నీ రూమ్మేట్ ఎలా తేల్చిందో నాకు తెలీదు. నీ వయసు ఆడపిల్లల్లో రక్తం తక్కువగా ఉండటం మామూలు, గుడ్డు కూడా తినని వాళ్ళలో బీ12 విటమిన్ తగ్గొచ్చు, థైరాయిడ్ కూడా ఇలాగే ఏడిపిస్తుంది. ఏ పౌడర్ జోలికీ పోకముందు డాక్టర్‌కి చూపించి హిమోగ్లోబిన్, బీ12, థైరాయిడ్ పరీక్షలు చేయించుకో. రాత్రి ఒంటిగంట దాకా ఫోన్ చూస్తున్నావేమో, అది కూడా డాక్టర్‌కి దాచకుండా చెప్పు.