మంచం పక్కన సీప్యాప్ గొట్టం: అమెరికాకు కొత్తగా వచ్చినవారి సందేహాలకు సమాధానం

స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి మాటిమాటికీ ఆగిపోయే జబ్బు) ఉందని తేలి, ఇంటికి సీప్యాప్ మెషిన్ (మాస్క్ ద్వారా ఒత్తిడితో గాలి పంపేది) వచ్చిన తరువాత మనవాళ్లు అడిగే సందేహాలు చాలావరకు మెషిన్ గురించి ఉండవు, మాస్క్ గురించి కూడా ఉండవు; ఆ రెండింటినీ కలిపే ఆరడుగుల గొట్టం గురించే ఉంటాయి. పక్కకు తిరిగితే మాస్క్ ఊడిపోతోందని ఒకరు అంటారు, అర్ధరాత్రి ముక్కులోకి నీటి చుక్కలు వచ్చాయని ఇంకొకరు అంటారు, ఆయన మెడకు అది ఎక్కడ చుట్టుకుంటుందోనని తనకు నిద్ర పట్టడం లేదని ఒక ఇల్లాలు అంటారు. మాస్క్ మార్చి చూస్తారు, ప్రెషర్ తగ్గించమని డాక్టరును అడుగుతారు, చివరికి మెషిన్‌ను క్లోజెట్‌లో పెట్టేసి మళ్లీ గురకకే అలవాటు పడతారు. నేను చూసినంతవరకు ఈ ఇబ్బందులలో ఎక్కువ భాగం గొట్టం ఏ దారిన వస్తోంది, మెషిన్ ఎంత ఎత్తులో ఉంది అనే రెండు విషయాలు సరిచేసుకుంటే తీరిపోయేవే.

ఈ పని మొదటి వారంలోనే చేసుకోమని చెప్పడానికి ఒక కారణం ఉంది. ఇక్కడ ఇన్సూరెన్స్ మెషిన్‌ను మొదటిరోజే మీ సొంతం చేయదు. చాలా ప్లాన్లలో కొన్ని నెలలు అద్దె పద్ధతిలోనే డబ్బు కడుతుంది. మెడికేర్ (ముఖ్యంగా 65 ఏళ్లు దాటినవారికి ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా) నియమం ప్రకారం మొదటి మూడు నెలల్లో ఏదో ఒక వరుస 30 రోజుల వ్యవధిలో, కనీసం 70 శాతం రాత్రులు, రాత్రికి 4 గంటలు లేదా అంతకు మించి మెషిన్ వాడినట్టు కనబడాలి. అంటే 30 రాత్రులలో 21 అన్నమాట. ఉద్యోగాల ద్వారా వచ్చే ప్రైవేటు ప్లాన్లలోనూ చాలావరకు ఇలాంటి షరతే ఉంటుంది. ఎన్ని గంటలు వాడారో మెషిన్ లోపలి మోడెమ్ తనంతట తానే మెషిన్ ఇచ్చిన సప్లయర్‌కు పంపుతుంది కాబట్టి, 'రోజూ పెట్టుకుంటున్నానండీ' అనే నోటిమాటకు విలువ ఉండదు. గొట్టం లాగిందని రాత్రి రెండింటికి మాస్క్ తీసేసి పడుకున్నవారి లెక్క ఆ నాలుగు గంటల దగ్గరే తప్పుతుంది.

ముందు మెషిన్ చోటు చూద్దాం. అది పరుపు మీద తల ఉండే ఎత్తు కంటే కిందుగా ఉండాలి. ఇక్కడి మంచాలు బాక్స్ స్ప్రింగ్ మీద పరుపుతో చాలా ఎత్తుగా ఉంటాయి కనుక మామూలు నైట్‌స్టాండ్ కూడా ఒక్కోసారి సరిపోతుంది; సరిపోకపోతే దాని కింది అరలో గాని, పొట్టి స్టూలు మీద గాని పెట్టుకోవచ్చు. మెషిన్‌లోని నీళ్ల తొట్టి నుంచి వచ్చే వెచ్చని తేమగాలి చల్లని గొట్టం గోడకు తగిలి నీరవుతుంది. మెషిన్ కిందుగా ఉంటే ఆ నీరు వెనక్కి జారుతుంది, ఎత్తుగా ఉంటే మీ ముఖం మీదికి వస్తుంది. నేరుగా కార్పెట్ మీద మాత్రం పెట్టకండి. కార్పెట్ దుమ్మును మెషిన్ పీల్చుకుని ఫిల్టర్ త్వరగా నల్లబడుతుంది, పైగా చీకట్లో బాత్‌రూమ్‌కు లేచినవారి కాలు దానికే తగులుతుంది. కొత్తగా వచ్చినవారు చాలామంది మంచం కొనకుండా కార్పెట్ మీద పరుపు వేసుకునే పడుకుంటారు. అలాంటప్పుడు మెషిన్‌ను తల కంటే కిందుగా పెట్టే వీలే ఉండదు. దానిని ఒక చెక్కపలక మీద పెట్టి, తేమ కొంచెం తగ్గించుకుని, లోపలి తీగతో వెచ్చగా ఉండే వేడిగొట్టం వాడుకోవడమే వారికి దారి.

గొట్టం దారి విషయానికి వస్తే, పక్కనుంచి చేతుల మీదుగా రావడం కంటే తల వెనకనుంచి, పైనుంచి రావడం మేలు. పక్కనుంచి వచ్చే గొట్టం మీరు అటు తిరిగినప్పుడు భుజం కింద నలుగుతుంది, ఇటు తిరిగినప్పుడు బిగుసుకుని మాస్క్‌ను ఒక చెంప వైపు లాగుతుంది. సిలికాన్ అంచు ముక్కు పక్కన కొద్దిగా లేచినా చాలు, గాలి కంట్లోకి కొట్టి మెలకువ వస్తుంది. అందుకని హెడ్‌బోర్డు వెనకనుంచి గొట్టాన్ని పైకి తెచ్చి, దిండుకు సుమారు అడుగున్నర ఎత్తులో ఒక కొక్కెం మీదుగా దించుకోవాలి. దీనికోసమే చేసిన స్టాండ్లు దొరుకుతాయి. వాటి అడుగున ఉండే పలకను పరుపు కిందికి తోస్తే చాలు, గోడకు మేకు కొట్టనక్కరలేదు. అద్దె అపార్ట్‌మెంట్లో అంటించే కొక్కేలు వాడేవారు, ఖాళీ చేసేటప్పుడు వాటి పట్టీని గోడ వెంట నిదానంగా కిందికి సాగదీసి తీయాలి. ముందుకు లాగితే పెయింటుతో సహా ఊడి వస్తుంది, ఆ ఖర్చు డిపాజిట్‌లో తగ్గిస్తారు.

కొక్కేనికి గొట్టాన్ని బిగించి కట్టేయడం చాలామంది చేసే పని, అది వద్దు. బావి గిలక మీద తాడు ఆడినట్టు గొట్టం కొక్కెం మీద అటూ ఇటూ ఆడాలి, మీరు తిరిగినప్పుడు కావలసినంత వచ్చి, వెనక్కి తిరిగినప్పుడు మళ్లీ పోవాలి. వెల్క్రో పట్టీ వాడితే లోపల రెండు వేళ్లు పట్టేంత వదులుగా చుట్టండి. మెషిన్ ఆన్ చేసి, మాస్క్ పెట్టుకుని, వెల్లకిలా పడుకుని, కుడికీ ఎడమకూ పూర్తిగా ఒత్తిగిల్లి చూడండి. ఏ వైపు తిరిగినా మాస్క్ అంచు కదలకూడదు, గొట్టం ముఖం మీద పడకూడదు. అర్ధరాత్రి నిద్రమత్తులో సరిచేసుకుందామనుకుంటే కుదరదు కాబట్టి ఇది పడుకోబోయే ముందే, దీపం ఉండగానే చూసుకోవలసిన పని.

పైనుంచి దించుకునే పద్ధతిలో ఒక చిక్కు ఉంది, దాన్ని స్టాండ్లు అమ్మేవారు చెప్పరు. మెషిన్ నుంచి కొక్కెం దాకా ఉన్న భాగంలో పేరుకున్న నీరు వెనక్కి జారుతుంది గాని, కొక్కెం నుంచి ముఖం దాకా ఉన్న భాగంలోది మాస్క్‌లోకే దిగుతుంది. వేసవిలో ఇది పట్టించుకోవలసినంత విషయం కాదు. చలికాలంలో రాత్రి హీటర్‌ను 65 లేదా 66 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు, అంటే మన లెక్కలో 18, 19 డిగ్రీలకు తగ్గించి పడుకునే ఇళ్లలో మాత్రం గుడగుడమనే చప్పుడు, ఆ తరువాత ముక్కు మీద చల్లని చుక్క తప్పవు. అలాంటివారు కొక్కేన్ని హెడ్‌బోర్డు అంచు దాకా కిందికి దించుకోవాలి, గొట్టానికి గుడ్డ తొడుగు వేసుకోవాలి, అప్పటికీ ఆగకపోతే వేడిగొట్టం తెప్పించుకోవాలి.

వేడిగొట్టం అంటే లోపల సన్నని తీగ చుట్టి ఉండి, గాలిని మాస్క్ దాకా వెచ్చగానే తీసుకువెళ్లేది. రెస్‌మెడ్ కంపెనీ మెషిన్లలో దీన్ని తగిలించి క్లైమేట్ కంట్రోల్‌ను 'ఆటో'లో పెడితే మామూలుగా 27 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంటుంది. 16 నుంచి 30 డిగ్రీల మధ్య మార్చుకోవచ్చు. ఆ కంపెనీ మోడళ్లలో ఎయిర్‌సెన్స్ 10కి వచ్చే వేడిగొట్టం ఎయిర్‌సెన్స్ 11కి సరిపోదు, కాబట్టి ఆన్‌లైన్‌లో కొనేవారు మోడల్ నంబరు చూసి కొనాలి. చాలా ప్లాన్లు దీనికి డబ్బు ఇస్తాయి, కనుక సొంత డబ్బుతో కొనే ముందు సప్లయర్‌కు ఫోన్ చేసి నీటి సమస్య సంగతి చెప్పడం మంచిది. గదిలో గాలి వచ్చే చోటు కూడా చూసుకోండి. ఇక్కడి ఇళ్లలో హీటర్, ఏసీ రెండింటి గాలీ నేలమీదో పైకప్పులోనో ఉండే వెంట్ నుంచి వస్తుంది. వేసవిలో ఏసీ గాలి నేరుగా గొట్టం మీద పడితే ఆ కాలంలోనూ నీరు చేరుతుంది. సీలింగ్ ఫ్యాన్ పూర్తి వేగంతో తిరగనిదే నిద్రపట్టని మనబోటివారికి కూడా ఇదే వర్తిస్తుంది.

గొట్టాన్ని దుప్పటి కింద నుంచి తెచ్చుకుంటే వెచ్చగా ఉంటుందని కొందరు చెబుతారు, అది నిజమే. కానీ మాస్క్ మీదికి దుప్పటి రాకూడదు. మాస్క్ ముందుభాగంలో లేదా మోచేయిలాంటి మలుపు దగ్గర ఉండే సన్నని రంధ్రాలనుంచే మీరు విడిచిన గాలి బయటికి పోతుంది. చలికి ముసుగు తన్ని పడుకునే అలవాటు ఉన్నవారు ఆ ఒక్క అలవాటును వదులుకోక తప్పదు. చెవులకు మంకీ క్యాప్ పెట్టుకోవచ్చు, దాని మీదనుంచే మాస్క్ పట్టీలు వేసుకోవచ్చు.

గొట్టం సంగతి చెప్పుకుంటే, మామూలుగా వచ్చేది 22 మిల్లీమీటర్లది. సన్నగొట్టం లోపలి వ్యాసం 15 మిల్లీమీటర్లు. సన్నది తేలికగా ఉంటుంది, సులువుగా వంగుతుంది, మాస్క్ మీద లాగుడు తక్కువ. మీరు సన్నది పెట్టుకుంటే మెషిన్ సెట్టింగ్‌లో కూడా గొట్టం రకం మార్చాలి, లేకపోతే గాలి ఒత్తిడిని అది సరిగా అంచనా వేయలేదు. వేడిగొట్టాన్ని మాత్రం చాలా మెషిన్లు వాటంతటవే గుర్తిస్తాయి. పదడుగుల గొట్టాలు, రెండు గొట్టాలను కలిపే కనెక్టర్లు కూడా అమ్ముతారు. నా ఉద్దేశంలో వాటి అవసరం చాలా తక్కువ. గొట్టం చాలడం లేదు అనిపించినప్పుడు మెషిన్‌ను ఒక అడుగు తల వైపు జరపడమే సరైన మందు. ఎక్కువైన గొట్టం చివరికి మంచం మీదే చుట్ట చుట్టుకుని పడి ఉంటుంది.

మెడకు చుట్టుకుంటుందేమోనన్న భయం ఇంట్లోవారికి నిజంగానే ఉంటుంది, దాన్ని నవ్వి కొట్టిపారేయకూడదు. గొట్టం లావుగా, కొంత బిరుసుగా ఉంటుంది కనుక తాడులా బిగుసుకోదు. గట్టిగా లాగితే మాస్క్ ముందున్న మలుపు దగ్గర చాలా మాస్కులు ఊడిపోయేలా చేస్తారు. ఒక పగలు మీరే పెట్టుకుని, లాగి, అది ఎలా ఊడుతుందో వారికి చూపించండి. పైనుంచి దించుకున్న గొట్టం మామూలుగా మెడ దగ్గరికి రాదు. ఎక్కువగా దొర్లేవారు, పక్కకే పడుకునేవారు తలపైన గొట్టం తగిలే మాస్క్ అడగవచ్చు. రెస్‌మెడ్ వారి పీ30ఐ, ఎన్30ఐ, ఫిలిప్స్ వారి డ్రీమ్‌వేర్ ఆ రకమే. వాటిలో గాలి చెంపల పక్కనున్న బోలు పట్టీల గుండా వస్తుంది, దిండుకు ఒక వైపు నొక్కుకుపోయినా రెండో వైపు నుంచి అందుతుంది.

మన ఆడవాళ్లకు మరికొన్ని చిక్కులు. పొడుగాటి జడ గొట్టం కిందో పట్టీ కిందో పడితే రాత్రంతా లాగుతుంది కనుక, జడను ముందుకు వేసుకోవడమో నడినెత్తి కంటే కిందుగా వదులుగా ముడి వేసుకోవడమో మంచిది. మంగళసూత్రం, నల్లపూసలు గొట్టానికి చిక్కుకోకుండా రాత్రి దుస్తుల లోపల ఉంచుకోవాలి. రాత్రి కొబ్బరినూనె రాసుకుని పడుకుంటే పట్టీలు జారుతాయి, సిలికాన్ అంచు జిడ్డెక్కి ముఖానికి అంటుకోదు; అప్పుడు గాలి పోతుంటే గొట్టం లాగుతోందనుకుని దానితో కుస్తీ పడతారు. నూనె సెలవురోజు ఉదయానికి మార్చుకోండి, పడుకునే ముందు ముఖం సబ్బుతో కడుక్కోండి.

వారానికి ఒకసారి గొట్టాన్ని గోరువెచ్చని నీళ్లు, రెండు చుక్కల వాసన లేని డిష్ సోప్‌తో కడిగి, షవర్ రాడ్ మీద రెండు చివరలూ కిందికి వేలాడేలా ఆరవేయాలి. వేడిగొట్టం కనెక్టర్ పూర్తిగా ఆరిన తరువాతే మెషిన్‌కు తగిలించాలి. బ్లీచ్, డెట్టాల్ వద్దు. ఓజోన్‌తో శుభ్రం చేస్తామనే పెట్టెల ప్రకటనలు చూసి డబ్బు పోసుకోకండి; అలాంటి పరికరాలకు అప్పటికి తమ అనుమతి లేదని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2020లో హెచ్చరించింది. మెడికేర్ లెక్కలో మూడు నెలలకు ఒక కొత్త గొట్టం ఇస్తారు. కొందరు సప్లయర్లు అదే లెక్కన అడక్కుండానే పంపి బిల్లు వేస్తుంటారు. మీ డిడక్టబుల్ (ఇన్సూరెన్స్ ఇవ్వడం మొదలుపెట్టే ముందు ఏటా మీరే కట్టుకోవలసిన మొత్తం) ఇంకా తీరకపోతే ఆ డబ్బు మీ జేబులోనిదే. చివరల దగ్గర వంచి వెలుతురులో చూస్తే సన్నని చీలికలు కనబడతాయి. అవి లేకుండా, గొట్టం మురికిపట్టకుండా ఉంటే ఇప్పుడే వద్దని చెప్పే హక్కు మీకు ఉంది.

సెలవులకు ఇండియా వెళ్లేటప్పుడు మెషిన్‌ను, గొట్టాన్ని చెక్-ఇన్ సామానులో వేయకండి. అమెరికా రవాణా శాఖ నియమాల ప్రకారం ఇది వైద్య పరికరం కనుక చేతి సామాను లెక్కలోకి రాదు; నీళ్ల తొట్టి మాత్రం ఖాళీ చేసి, ఆరబెట్టి సర్దుకోవాలి, గొట్టాన్ని మడత పడకుండా వదులుగా చుట్టాలి. మెషిన్ అడాప్టర్ మీద 100 నుంచి 240 వోల్టులని రాసి ఉంటే ట్రాన్స్‌ఫార్మర్ అక్కరలేదు, మన సాకెట్‌కు సరిపోయే ప్లగ్ ఉంటే చాలు. మే నెలలో కోస్తాలో గాలే చెమ్మగా ఉంటుంది కాబట్టి తేమ సెట్టింగ్ బాగా తగ్గించుకోవచ్చు, అసలు ఆపేయవచ్చు కూడా. ఊళ్లో దోమతెర కింద పడుకునేవారు మెషిన్‌ను తెర బయట స్టూలు మీద పెట్టి, గొట్టాన్ని తల వైపు తెర అంచు కిందనుంచి లోపలికి తెచ్చి, ఆ అంచును పరుపు కిందికి మళ్లీ దోపుకోవాలి. తెర కట్టిన తాడుకే లోపలివైపు ఒక గుడ్డపీలికను వదులుగా ముడివేసి, అందులోంచి గొట్టాన్ని దించుకుంటే వేరే స్టాండ్ అవసరం ఉండదు.