మీ ప్రశ్న – మా జవాబు: ఫుట్‌బాల్ స్ట్రైకర్‌కి ఎత్తు ఎంత ఉండాలి?

ప్రశ్న: మా అబ్బాయికి పద్నాలుగేళ్లు. జట్టులో అందరికంటే పొట్టి. స్ట్రైకర్‌గా, అంటే గోల్స్ కొట్టే ముందువరుస ఆటగాడిగా పనికిరాడు, వింగ్‌లో (మైదానం పక్క అంచున) ఆడమని కోచ్ అంటున్నారు. నిజంగా అంతేనా? – ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: ఆ వయసులో ఎత్తు చూసి స్థానం తేల్చడం తొందరపాటు. భారత జట్టుకు అందరికంటే ఎక్కువ గోల్స్ కొట్టిన సునీల్ ఛేత్రి ఎత్తు 170 సెంటీమీటర్లు. ఆ గోల్స్‌లో హెడర్లు (తలతో కొట్టినవి) తక్కువేమీ కాదు. కిటుకంతా బయల్దేరే క్షణంలో ఉంది. నిలబడ్డచోటే ఎగిరేవాడికంటే రెండు మూడు అడుగులు పరుగెత్తి ఎగిరేవాడికి బంతి ముందు అందుతుంది.

బంతి వింగ్‌లో ఉన్నంతసేపు డిఫెండర్ వీపు వైపు ఉండమనండి. అప్పుడు అతనికి బంతి కనిపిస్తే మీవాడు కనబడడు, మీవాణ్ని చూస్తే బంతి కనబడదు. క్రాస్ వేసే (పక్క నుంచి గోల్ ముందుకు బంతి పంపే) ఆటగాడు తలెత్తగానే మీవాడు దూరపు గోల్ స్తంభం వైపు ఒక అడుగు వేయాలి. డిఫెండర్ అటు ఒరగగానే అతని ముందు నుంచి దగ్గరి స్తంభం వైపు దూసుకెళ్లాలి. పిల్లలు ఎక్కువగా చేసే తప్పు, గోల్ ముందుకు ముందే వెళ్లి నిలబడిపోవడం. అక్కడ ఆగితే పరుగు పోతుంది, పరుగు పోతే పొట్టివాడికి ఇక మిగిలేది ఏమీ లేదు. బంతిని నుదుటితోనే తాకాలి, కళ్లు మూయకూడదు, మెడ బిగబట్టాలి. ఈ వయసులో తలతో కొట్టే సాధన మెత్తటి బంతితో, కొద్దిసార్లే చేయించండి.

వింగ్‌లో ఆడమన్నారని బాధపడకండి. బెంగళూరు ఎఫ్‌సీ క్లబ్‌లో వెనిజులా స్ట్రైకర్ మికు మధ్యలో ఆడినప్పుడు ఛేత్రి ఎడమ వైపు నుంచి లోపలికి దూసుకొచ్చి గోల్స్ కొట్టారు.

ప్రశ్న: గోల్ ఎదురుగా ఉన్నా నా షాట్లు గోల్ పై కడ్డీ (బార్) మీదుగా పోతున్నాయి. – డిగ్రీ విద్యార్థి, అనంతపురం

జవాబు: నూటికి తొంభై సార్లు తప్పు కొట్టే కాలిలో కాదు, ఆనించిన కాలిలో ఉంటుంది. ఆ పాదం బంతికి వెనకబడితే నడుం వెనక్కి వాలుతుంది, మీ కాలు బంతి అడుగు భాగాన్ని తాకుతుంది, బంతి లేస్తుంది. ఆనించే పాదం బంతి పక్కనే, జానెడు దూరంలో, వేళ్లు గోల్ వైపు తిరిగి ఉండాలి. కొట్టే కాలి మోకాలు బంతి మీదికి రావాలి. చీలమండ బిగించి, బంతి మధ్యలో తాకండి.

గోల్ ఎత్తు 2.44 మీటర్లు, వెడల్పు 7.32. వెడల్పే మీకు కలిసొచ్చేది కాబట్టి నేలబారుగా మూలలకు కొట్టండి. ముందు 11 మీటర్ల నుంచి పాదం లోపలి వైపుతో, ఒక్కో కాలితో పది బంతులు. మూలల్లో స్తంభానికి మీటరు లోపల ఒక్కో కోన్ పెట్టి, స్తంభానికీ కోన్‌కీ మధ్య నుంచి పది బంతుల్లో ఏడు వెళ్లాకే బలం పెంచండి. ఆ తర్వాత కదిలే బంతితో ఇదే సాధన. అలసిపోయాక కొట్టే షాట్లు తప్పునే అలవాటు చేస్తాయి, ఆపేయండి.

ప్రశ్న: నలభై ఏళ్లకు కూడా ఛేత్రి ఎలా ఆడగలిగారు? నాకు ముప్పై ఒకటికే తొడ వెనక కండరం పట్టేస్తోంది. – విశాఖపట్నం

జవాబు: 2024–25 ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) సీజన్‌లో, నలభై నిండాక, ఆయన 14 గోల్స్ కొట్టారు. అదే 2025 మార్చిలో రిటైర్మెంట్ నుంచి భారత జట్టులోకి తిరిగొచ్చారు. తిండి, నిద్ర విషయంలో ఆయన క్రమశిక్షణ పేరుపడ్డదే.

మీ కండరం సంగతి. స్ట్రైకర్ పని ఒక్కసారిగా పరుగందుకోవడం, ఒక్కసారిగా ఆగడం. పూర్తి వేగంలో కాలు ముందుకు చాచినప్పుడు ఆ కండరం సాగుతూనే బలం పెట్టాలి. అక్కడే చిరుగుతుంది. అందుకే సాగదీయడం ఒక్కటే చాలదు, సాగుతూ బలపడే వ్యాయామం కావాలి. మోకాళ్ల మీద నిలబడి, వెనక నుంచి ఒకరు మడమలు పట్టుకుంటే, వెన్ను తిన్నగా ఉంచి నెమ్మదిగా ముందుకు వాలండి. నిలవలేనప్పుడు చేతులు నేలకు ఆనించండి. మొదట 3 నుంచి 5 సార్లు, వారానికి రెండు రోజులు. మ్యాచ్ ముందురోజు వద్దు. ఇప్పటికే నొప్పి ఉంటే ముందు ఫిజియోథెరపిస్ట్‌కి చూపించాలి.

ప్రశ్న: ఛేత్రి మనవాడేనా? విదేశాల్లో ఎందుకు నిలవలేదు? – సికింద్రాబాద్

జవాబు: పుట్టింది మీ ఊళ్లోనే, 1984 ఆగస్టు 3న. తండ్రిది సైన్యంలో ఉద్యోగం. విదేశాల సంగతికొస్తే, 2009లో ఇంగ్లండ్ క్లబ్ క్వీన్స్ పార్క్ రేంజర్స్ ఒప్పందం ఇచ్చినా, భారత్ ఫిఫా ర్యాంకుల్లో మొదటి 70లో లేనందువల్ల వర్క్ పర్మిట్ రాలేదు. 2010లో అమెరికా క్లబ్ కాన్సస్ సిటీ, 2012లో పోర్చుగల్‌లో స్పోర్టింగ్ బి జట్టు. రెండుచోట్లా మైదానంలోకి దిగిన అవకాశాలు తక్కువ. ఆడని స్ట్రైకర్ వాడి తగ్గుతుంది. తిరిగొచ్చి గోవా క్లబ్ చర్చిల్ బ్రదర్స్‌కి, ఆ తర్వాత బెంగళూరుకి ఆడటమే ఆయనకు మేలు చేసిందని మా అభిప్రాయం.

మీ సికింద్రాబాద్ అమ్ముగూడలోనే పుట్టిన తులసీదాస్ బలరాంని కూడా గుర్తుచేసుకోండి. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద, పెరూ మీద గోల్స్ కొట్టారు. క్షయ వల్ల 1963లో ఆట మానేశారు. అప్పటికి ఆయనకు ముప్పై కూడా నిండలేదు.