పక్కన కూర్చుని చూడు, తల్లీ

తల్లీ,

నువ్వు సొంతంగా వెబ్‌సైట్లు డిజైన్ చేయబోతున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఎంత గర్వంగా అనిపించిందో! ఆ రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు. ఇరవై ఏళ్లకు పైగా ఇదే పని చేసినదాన్ని కదా, నీకు చెప్పాల్సినవన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి.

కొన్ని నీకు తెలిసినవే. పేజీ త్వరగా తెరుచుకోవాలి. మెనూ అన్ని పేజీల్లో ఒకేచోట ఉండాలి. లింక్ చూడగానే లింక్ అని తెలియాలి. ఫోన్‌లో చూడకుండా ఏదీ పూర్తయిందనుకోకు.

ఫారాల దగ్గర మాత్రం జాగ్రత్త. నా భయమంతా అక్కడే.

పనిలో చేరిన కొత్తల్లో ఒక సంస్థకు ఉద్యోగ దరఖాస్తు ఫారం తయారు చేశాను. పొడవాటి ఫారం. అడుగున రెండు బటన్లు పెట్టాను: ఒకటి 'పంపు', దాని పక్కనే 'తుడిచెయ్యి'. రెండూ ఒకే సైజు, ఒకే రంగు. అప్పట్లో ఫారం అంటే ఆ రెండూ ఉండాల్సిందే అన్నట్టు చాలామంది పెట్టేవాళ్లు. ఆ రెండోది ఎవరికి కావాలని నేను ఒక్కసారి కూడా అనుకోలేదు. చూడ్డానికి ముచ్చటగా ఉందని సంస్థవాళ్లు మెచ్చుకున్నారు.

వారం తర్వాత వేరే పని మీద అక్కడికి వెళ్తే, ఒక పెద్దావిడ అదే ఫారం నింపుతున్నారు. ఒక్కో అక్షరం వెతుక్కుంటూ, ఒంటి వేలితో. నేను వెనకాల నిలబడి సంబరంగా చూస్తున్నాను. దాదాపు ముప్పావుగంట పట్టింది. చివరికి మౌస్ కదిపి నొక్కారు. పేజీ అంతా ఖాళీ అయిపోయింది.

ఆవిడ కోప్పడలేదు. నా వైపు తిరిగి, "ఇలాంటివి నాకు చేతకావమ్మా" అని సంచి తీసుకుని లేచారు. "తప్పు మీది కాదు, నాది" అనడానికి నాకు నోరు రాలేదు. ఆ సాయంత్రం ఆ బటన్ తీసెయ్యడానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు. ఆవిడ మళ్లీ రాలేదని తర్వాత తెలిసింది.

ఒక గడిలో తప్పుంటే ఆ గడి దగ్గరే, ఏం దిద్దాలో మామూలు మాటల్లో చెప్పు. మిగతా గడుల్లో రాసింది చెక్కుచెదరకూడదు. ఫారం నింపడానికి గడువు పెడితే, అది అయిపోయేముందు హెచ్చరించి, పొడిగించుకోనివ్వు. గడి పేరు గడి లోపల లేతగా రాయకు. టైపు చెయ్యగానే మాయమైపోతుంది, అక్కడ ఏం అడిగారో తర్వాత గుర్తుండదు.

మీ అమ్మ నీ నమూనా పంపింది. తెల్లటి పేజీ మీద ఆ లేత బూడిద అక్షరాలేమిటే? నీ కళ్లకు బాగానే ఉంటాయి, నా కళ్లతో చూడు. మామూలు సైజు అక్షరాలకూ వెనక రంగుకూ మధ్య కాంట్రాస్ట్, అంటే వెలుగులో తేడా, కనీసం 4.5:1 ఉండాలని వెబ్ ప్రమాణాలు రూపొందించే డబ్ల్యూ3సీ సంస్థ 2008లోనే చెప్పింది. నొక్కే చోటు కనీసం 24 పిక్సెళ్లు ఉండాలని 2023లో చేర్చింది. నువ్వు 44 పెట్టు. వణికే చేతులకు 24 చాలదు. కోప్పడ్డానని బాధపడకు, ఆ పేజీ అమరిక చూసి మురిసిపోయాను కూడా.

ఐదుగురితో వాడించి చూస్తే చాలావరకు లోపాలు బయటపడతాయని, సైట్లు వాడటం ఎంత సులువో పరిశీలించే నిపుణుడు జేకబ్ నీల్సన్ 2000లో రాశారు. ఐదుగురు దొరక్కపోతే ఒక్కరితోనైనా వాడించు. పక్కన కూర్చో. పని చెప్పు, దారి చెప్పకు. వాళ్లు తడబడుతుంటే నీ చెయ్యి మౌస్ మీదికి పోతుంది, ఆపుకో. ఎవరైనా "నాకు రాదు" అంటే, వాళ్ల తప్పు కాదని అప్పుడే, అక్కడే చెప్పు. నేను చెప్పలేకపోయాను.

మొదటి సైటు సిద్ధమవగానే నా దగ్గరికి రా. నా పాత ఫోన్‌లో, కళ్లద్దాలు తీసేసి తెరుస్తాను. నువ్వు పక్కనే కూర్చోవాలి, ఒక్క మాట మాట్లాడకూడదు.

ప్రేమతో,
పెద్దమ్మ