మొదటి పుస్తకం అమ్ముడుపోని తమ్ముడికి

తమ్ముడూ,

నీ మెసేజ్ చదివాను. పుస్తకాలు కట్టలు కట్టలుగా ఇంట్లోనే పడున్నాయంటే బాధగానే ఉంది గానీ, "నాకసలు రాయడం రాదేమో అన్నా" అన్నావు చూడు, అక్కడ మాత్రం చిరాకేసింది. ఆ పుస్తకంలో సగం నీ కథలే కావు కదా! ప్రేమకథలైతే నాలుగు కాపీలు పోతాయని పబ్లిషర్ అంటే కూర్చుని రాసిచ్చావు, మీ ఊరి రైస్ మిల్లు కథలు రెండూ తీసేద్దామంటే సరేనన్నావు. ఇప్పుడు అమ్ముడుపోనిది ఎవరి పుస్తకమో ముందు అది తేల్చుకో.

గ్రెగ్ ఆల్‌మన్ అని ఒకాయన ఉండేవాడు, అమెరికా దక్షిణ రాష్ట్రాల రాక్ సంగీతం, అదే సదరన్ రాక్‌లో పెద్ద పేరు. (ఆ ముద్ర ఆయనకు నచ్చేది కాదు, రాక్ పుట్టిందే దక్షిణాదిన, మళ్లీ ఈ తోకెందుకు అనే ధోరణి.) అన్న డ్యూయేన్‌ది గిటార్, ఈయనది గొంతు, ఆర్గన్. ఫ్లోరిడా నుంచి వచ్చిన ఈ కుర్రాళ్లు 1967లో అవర్ గ్లాస్ అనే బ్యాండ్‌తో లాస్ ఏంజిలెస్ చేరి లిబర్టీ రికార్డ్స్ అనే రికార్డు కంపెనీకి సంతకం పెట్టారు. అక్కడ ఏం పాడాలో, ఎలా వినిపించాలో చెప్పేది కంపెనీయే. మొదటి ఆల్బమ్ మొత్తంలో గ్రెగ్ రాసిన పాట ఒక్కటంటే ఒక్కటి. రెండోదాంట్లో ఎక్కువే పడ్డాయి గానీ పెత్తనం మారలేదు, రెండూ ఆడలేదు. 1968 ఏప్రిల్‌లో తెగించి అలబామాలోని మజిల్ షోల్స్ వెళ్లి, ఫేమ్ స్టూడియోలో తమకు నచ్చినట్టు బ్లూస్ (అమెరికా నల్లజాతివాళ్ల సంగీతం) వాయించి రికార్డు చేసుకొస్తే, కంపెనీకి అదీ నచ్చలేదు. బ్యాండ్ విడిపోయింది. డ్యూయేన్ అదే ఫేమ్‌కి తిరిగెళ్లి విల్సన్ పికెట్‌లాంటి గాయకుల రికార్డింగుల్లో కూలికి గిటార్ వాయించాడు. గ్రెగ్ కాంట్రాక్టులో ఇరుక్కుని లాస్ ఏంజిలెస్‌లోనే ఉండిపోయాడు.

ఆ రోజులన్నీ వృథా అని మాత్రం అనలేం. డ్యూయేన్ స్లైడ్ గిటార్, అంటే తీగల మీద గాజుగొట్టం జారుస్తూ వాయించే పద్ధతి, పట్టుకుంది అక్కడున్నప్పుడే, జలుబు మాత్రల గాజుసీసా ఖాళీ చేసి వేలికి తొడుక్కుని.

1969 మార్చిలో అన్న ఫోన్ చేసి ఫ్లోరిడాలోని జాక్సన్‌విల్‌కి రమ్మన్నాడు, కొత్త బ్యాండ్ తయారైంది, పాడేవాడు కావాలి, పాటలు కావాలి. గ్రెగ్ తర్వాత చెప్పుకున్న లెక్క ప్రకారం తను 22 పాటలు పట్టుకెళ్తే బ్యాండ్ వాళ్లు ఒప్పుకున్నవి రెండు! అంటే ఇరవై పాటలు మొహం మీదే పక్కన పడేశారు. నీకొక్క కథ తిరిగొస్తే వారం రోజులు అన్నం సహించదు కదా. కానీ ఈ ఇరవై వద్దన్నవాళ్లు ఎలాంటివాళ్లో చూడు. రేపు పక్కన నిలబడి అదే పాటను రాత్రంతా వాయించాల్సినవాళ్లు. లెక్కల పుస్తకం చూసి వద్దనేవాడూ వీళ్లూ ఒకటి కాదు. ఆయనకు ఆ తేడా తెలిసింది కాబట్టే అలిగి కూర్చోకుండా మళ్లీ రాయడం మొదలుపెట్టాడు. ఆ రోజుల్లోనే ఒక రాత్రి, ఇంట్లో పిల్ల నిద్రపోతోందని లైటు వేయకుండా, కాగితం దొరక్క, కాల్చిన అగ్గిపుల్లల మసితో ఇస్త్రీ బల్ల గుడ్డ మీద 'విప్పింగ్ పోస్ట్' రాసుకున్నానని చెప్పేవాడు.

నువ్వు ఇక్కడ, "చూశావా, సొంతంగా రాస్తే హిట్టే" అనుకునేవు. కాదు. ఆ కొత్త బ్యాండ్ పేరు ఆల్‌మన్ బ్రదర్స్, 1969 నవంబర్‌లో వచ్చిన వాళ్ల మొదటి ఆల్బమ్ కూడా పెద్దగా అమ్ముడుపోలేదు. అయినా ఈసారి ఎవరూ బ్యాండ్ వదిలిపోలేదు, వ్యాన్ ఎక్కి ఊరూరా వాయిస్తూ తిరిగారు. రికార్డులో ఐదు నిమిషాలున్న ఆ 'విప్పింగ్ పోస్ట్' పాట 1971 మార్చిలో న్యూయార్క్ ఫిల్మోర్ ఈస్ట్ వేదిక మీద దాదాపు 23 నిమిషాలైంది, జూలైలో వచ్చిన ఆ లైవ్ ఆల్బమ్‌తోనే దశ తిరిగింది. అక్టోబర్ 29న డ్యూయేన్ బైక్ ప్రమాదంలో పోయాడు, 24 ఏళ్లకే. గ్రెగ్ తర్వాతి జీవితం జోలికి నిన్ను పంపను, మందు, హెరాయిన్, విడాకులు అన్నీ ఉన్నాయి. కళాకారుడంటే అలాగే ఉండాలనే వెర్రి మనవాళ్లకూ తక్కువేం లేదు, నువ్వు మాత్రం వేళకి తిని పడుకో.

ఇక పని సంగతి. ఉద్యోగం మానేస్తానన్నావు, మానకు. నీకు తెలిసినవాళ్లలో నిజంగా కథలు రాసేవాళ్లు, నీకు భయపడనివాళ్లు ఇద్దరు ముగ్గురు దొరుకుతారేమో చూడు, వాళ్లకి అన్నీ చూపించు, వాళ్లు కొట్టేసినవాటి గురించి మాత్రం నాకు ఫోన్ చేసి ఏడవకు. పబ్లిషర్ తీసేసిన ఆ మిల్లు కథలు రెండూ నాకు పంపు. టైప్ చేయనక్కర్లేదు, నోట్‌బుక్ పేజీలు ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టు. రెండోదాంట్లో హమాలీ పాత్ర చివర్లో ఎందుకు మాయమైపోయాడో నాకింకా అర్థం కాలేదు, అది రాసి పంపు.

ఉంటాను,
అన్న