ఇంగ్లండ్‌లో మీ వీధి సమస్య ఎవరికి, ఎలా చెప్పాలి? ఒక కౌన్సిలర్ మాట

"అన్నా, మేం వీసా మీద ఉన్నాం కదా, కంప్లైంట్ ఇస్తే తర్వాత ఏమన్నా ఇబ్బంది అవుతుందా?" ఇంగ్లండ్‌కి కొత్తగా వచ్చిన మనవాళ్లు ఫోన్ చేస్తే సమస్య చెప్పడానికి ముందే ఈ ప్రశ్న అడుగుతారు. ఏమీ అవ్వదు. బిన్ ఖాళీ చేయలేదనో, వీధి దీపం వెలగట్లేదనో, ఇంటి గోడలకి బూజు పడితే ఓనర్ పట్టించుకోవట్లేదనో కౌన్సిల్‌కి, అంటే ఇక్కడి మున్సిపాలిటీ లాంటి స్థానిక సంస్థకి, చెప్పినంత మాత్రాన ఎవరి వీసాకీ నష్టం రాదు. మీరు ఇక్కడ నివాసం ఉంటున్నారు, ఆ వీధి గురించి అడిగే హక్కు మీకుంది. ఈ భయంతోనే చెమ్మ పట్టిన గదుల్లో చంటిపిల్లలతో చలికాలమంతా నెట్టుకొచ్చే కుటుంబాలను చూస్తే నాకు చాలా బాధేస్తుంది.

భయం పోయాక వచ్చే రెండో ఇబ్బంది, కౌన్సిలర్ నుంచి ఏం ఆశించాలో తెలియకపోవడం. మన ఊళ్లో కార్పొరేటర్‌కి చెబితే ఆయన నిలబడి శానిటేషన్ వాళ్లతో అప్పటికప్పుడు పని చేయిస్తాడు. ఇక్కడ కౌన్సిలర్ ఏ ఉద్యోగికీ ఆర్డర్ వేయలేడు. పని చేసేది ఆఫీసర్లు. మేం బడ్జెట్ మీద, పాలసీల మీద ఓటేస్తాం. మీ పని ఎక్కడైనా ఆగిపోతే ఎందుకు ఆగిందో ఆఫీసర్లను అడిగి జవాబు తెప్పిస్తాం. మాకు వచ్చేది అలవెన్సే, జీతం కాదు. చాలామందికి వేరే ఉద్యోగాలు కూడా ఉంటాయి.

కాబట్టి నేను అందరికీ చెప్పేది ఒకటే. ముందు మీరే కౌన్సిల్ వెబ్‌సైట్‌లో ఫిర్యాదు నమోదు చేసి రిఫరెన్స్ నంబర్ తీసుకోండి. చెప్పిన గడువులో పని కాకపోతే ఆ నంబర్‌తో మీ వార్డు కౌన్సిలర్‌కి మెయిల్ పెట్టండి. ఆ నంబర్ ఉంటే ఫైల్ ఏ టీమ్ దగ్గర ఉందో నేను వెంటనే అడగగలను. అది లేకుండా "మా వీధి చాలా దారుణంగా ఉంది అన్నా" అంటే, నేనే మీ తరఫున ఫిర్యాదు నమోదు చేసి మళ్లీ మొదటి నుంచి వెయిట్ చేయాలి. సిఫార్సుతో పని జరగదని కొందరు నిరుత్సాహపడతారు. నాకు మాత్రం ఇందులో నచ్చేది అదే: ఎవరూ తెలియని కొత్త మనిషి ఫిర్యాదు కూడా అదే వరుసలో, అదే గడువుతో ఉంటుంది.

ఫిర్యాదు ఏ కౌన్సిల్‌కి పంపాలన్నది కూడా చూసుకోవాలి. లండన్ బరోల్లో, బర్మింగ్‌హామ్, మాంచెస్టర్ లాంటి నగరాల్లో ఈ పనులన్నీ ఒకే కౌన్సిల్ చూస్తుంది. కొన్ని జిల్లాల్లో మాత్రం రెండు అంచెలుంటాయి. రోడ్లు, స్కూళ్లు, సోషల్ కేర్ కౌంటీ కౌన్సిల్‌వి. చెత్త, ప్లానింగ్ (కట్టడాల అనుమతులు), కౌన్సిల్ ట్యాక్స్ (మన ఇంటి పన్ను లాంటిది) వసూలు డిస్ట్రిక్ట్ కౌన్సిల్‌వి. మోటార్‌వేలు, పెద్ద ఏ-రోడ్లు నేషనల్ హైవేస్ సంస్థ చూస్తుంది. ఏది ఎవరిదో తేలకపోతే గవర్నమెంట్ వెబ్‌సైట్‌లో మీ పోస్ట్‌కోడ్ కొట్టండి, మీ కౌన్సిల్ పేరు వస్తుంది. రోడ్డు సమస్యలైతే ఫిక్స్‌మైస్ట్రీట్ అనే వెబ్‌సైట్‌లో పెట్టినా సరైన చోటుకి పంపుతుంది.

రోడ్డు మీద గుంత కనిపించినప్పుడు ఎవరో ఒకరు చెప్పే ఉంటారులే అని వదిలేయకండి. గుంతలో పడి కారు టైరు పగిలితే కౌన్సిల్‌ని నష్టపరిహారం అడగవచ్చు. అయితే 1980 హైవేస్ చట్టంలోని 58వ సెక్షన్ ప్రకారం, రోడ్డును పద్ధతిగా తనిఖీ చేస్తున్నామనీ, తగిన జాగ్రత్తలు తీసుకున్నామనీ కౌన్సిల్ నిరూపించుకుంటే క్లెయిమ్ కొట్టేస్తారు. ఆ గుంత గురించి ముందే ఎవరైనా చెప్పిన రికార్డు ఉంటే ఆ వాదన నిలబడటం కష్టం. మీరు ఈ రోజు పెట్టే రిపోర్టు రేపు అదే గుంతలో పడే ఇంకొకరిని ఆదుకోవచ్చు.

చెత్త దగ్గర మనవాళ్లు ఎక్కువగా నష్టపోయేది ఇల్లు మారేటప్పుడు. పాత సోఫా, పరుపు తీసుకెళ్లడానికి ఫేస్‌బుక్‌లో ఎవరో వ్యాన్ మనిషి తక్కువకే వస్తానంటాడు. క్యాష్ తీసుకుని, సామానంతా తీసుకెళ్లి ఏ పొలం గట్టునో పారేస్తాడు. ఆ సంచుల్లో మీ పేరు, అడ్రస్ ఉన్న ఉత్తరం ఒక్కటి దొరికినా ఆఫీసర్లు నేరుగా మీ తలుపే కొడతారు. చెత్త ఎవరి చేతికి ఇస్తున్నారో చూసుకోవాల్సిన బాధ్యత చట్టం ప్రకారం మీదే. ఆ బాధ్యత తప్పితే 600 పౌండ్ల వరకు, స్వయంగా పారేస్తే 1000 పౌండ్ల వరకు ఫైన్ పడుతుంది. వ్యాన్ వాడికి వేస్ట్ క్యారియర్ లైసెన్స్ ఉందో లేదో ఎన్విరాన్‌మెంట్ ఏజెన్సీ రిజిస్టర్‌లో ఉచితంగా చూడొచ్చు. ఆ వివరాలు, రసీదు దాచుకోండి. లేదంటే కౌన్సిల్ వాళ్లనే పెద్ద సామాను తీసుకెళ్లమని బుక్ చేసుకోండి. ఇక బిన్‌ల రంగులు కౌన్సిల్‌ని బట్టి మారతాయి, పాత ఊరి లెక్క కొత్త ఊళ్లో పనికిరాదు. రీసైక్లింగ్ బిన్‌లో అన్నం, కూరలు అంటిన డబ్బాలు వేస్తే బిన్ తీసుకోకుండా వదిలేసి వెళ్తారు.

అన్నిటికంటే ముఖ్యం అద్దె ఇళ్ల సంగతి. మన విద్యార్థులు ఏడుగురు, ఎనిమిదిమంది కలిసి ఒక ఇంట్లో ఉంటారు. అయిదుగురు లేదా అంతకంటే ఎక్కువ మంది, ఒకే కుటుంబం కానివాళ్లు, వంటగది లేదా బాత్రూమ్ పంచుకుంటూ ఉంటే ఆ ఇంటికి హెచ్ఎంఓ లైసెన్స్ (పలువురు పంచుకుని ఉండే ఇంటికి కౌన్సిల్ ఇచ్చే అనుమతి) తప్పనిసరి. కొన్ని కౌన్సిళ్లు ఇంతకంటే చిన్న ఇళ్లకి కూడా లైసెన్స్ అడుగుతాయి. ఫైర్ అలారాలు, గదుల కొలతలు, తప్పించుకునే దారి అన్నీ చూశాకే లైసెన్స్ ఇస్తారు. రాత్రిపూట నిప్పంటుకుంటే పిల్లలు బయటపడగలగాలనే ఆ నియమాలన్నీ. లైసెన్స్ లేకుండా ఇల్లు నడిపితే నేరం ఓనర్‌ది, ఇంట్లో ఉండే మీది కాదు. పైగా ట్రైబ్యునల్‌కి వెళ్లి కట్టిన అద్దెలో కొంత, ఒక్కోసారి మొత్తం వెనక్కి తెచ్చుకునే వీలుంది. మీ ఇంటికి లైసెన్స్ ఉందా అన్నది కౌన్సిల్ రిజిస్టర్‌లో ఎవరైనా చూడొచ్చు.

"చెబితే ఓనర్ ఖాళీ చేయిస్తాడు" అని చాలామంది నోరు మెదపరు. రెంటర్స్ రైట్స్ చట్టం ప్రకారం 2026 మే 1 నుంచి ఇంగ్లండ్‌లో ప్రైవేటు అద్దె ఇళ్లలో కారణం చూపకుండా ఖాళీ చేయించే పద్ధతి రద్దయింది. ఆరు నెలల అద్దె ముందే కట్టాలని పట్టుబట్టడం కూడా కుదరదు, ఒక నెల అడ్వాన్స్ వరకే అడగాలి. ఓనర్ మీతో పాటు అదే ఇంట్లో ఉంటే, లేదా మీది ప్రత్యేకంగా కట్టిన పెద్ద స్టూడెంట్ హాస్టల్ అయితే ఈ నియమాలు వేరు. డిపాజిట్ సాధారణంగా అయిదు వారాల అద్దె మించకూడదు, దాన్ని 30 రోజుల్లోగా ప్రభుత్వం ఆమోదించిన స్కీములో పెట్టాలి. బూజు, చెమ్మ, హీటింగ్ సమస్యలుంటే ముందు ఓనర్‌కి రాతపూర్వకంగా, ఫోటోలతో మెయిల్ పెట్టండి. స్పందన లేకపోతే కౌన్సిల్ ఎన్విరాన్‌మెంటల్ హెల్త్ టీమ్‌కి చెప్పండి. వాళ్లు వచ్చి చూసి, అవసరమైతే రిపేర్ చేయమని ఓనర్‌కి నోటీసు ఇస్తారు. ఓనర్ తెలుగువాడే కదా, మనవాడి మీద ఎలా చెప్తామని మొహమాటపడేవాళ్లున్నారు. ఇంట్లో గాలి పీల్చేది మీ పిల్లలు. మొహమాటం వద్దు.

కౌన్సిల్ ట్యాక్స్‌కి ఇళ్లను 1991 ఏప్రిల్ 1 నాటి విలువ ప్రకారం ఏ నుంచి హెచ్ వరకు బ్యాండ్లుగా విడదీశారు. ఒక్కరే పెద్దవాళ్లుంటే 25 శాతం తగ్గుతుంది. ఇంట్లో అందరూ ఫుల్‌టైమ్ విద్యార్థులైతే అసలు ఉండదు, కానీ ఎగ్జెంప్షన్‌కి మీరే అప్లై చేయాలి. కోర్సు అయిపోయి ఒక్కరు గ్రాడ్యుయేట్ వీసాకి మారినా బిల్లు మొదలవుతుంది, ముందే లెక్క వేసుకోండి. చాలామందికి తెలియని సంగతి ఇంకోటుంది. విద్యార్థి భార్య లేదా భర్త బ్రిటిష్ పౌరులు కాకుండా, వీసా షరతుల వల్ల ఇక్కడ ఉద్యోగం చేసే వీలు లేకపోయినా, లేదా బెనిఫిట్లు తీసుకునే వీలు లేకపోయినా వాళ్లనూ ఈ లెక్కలోంచి తీసేస్తారు. ఒక్క జాగ్రత్త: ఆదాయం తక్కువవాళ్లకిచ్చే కౌన్సిల్ ట్యాక్స్ రిడక్షన్ పబ్లిక్ ఫండ్స్ (ప్రభుత్వమిచ్చే ఆర్థిక సాయం) కిందికి వస్తుంది. మీ వీసాలో పబ్లిక్ ఫండ్స్ లేవని రాసి ఉంటే దానికి అప్లై చేయకండి. ఒంటరిగా ఉన్నవాళ్లకిచ్చే 25 శాతం తగ్గింపు, విద్యార్థుల మినహాయింపు మాత్రం నిశ్చింతగా తీసుకోవచ్చు.

ఇరుగుపొరుగుతో గొడవలు ఎక్కువగా పార్కింగ్, శబ్దం దగ్గరే వస్తాయి. ఇంట్లో ఫంక్షన్ ఉంటే వచ్చేవాళ్లకి ముందే చెప్పండి: పక్కింటి కారు బయటికి వచ్చే చోట, ఫుట్‌పాత్ అంచు దించి ఉన్నచోట బండి పెట్టకూడదని. దీపావళికి చట్టం మనకో మినహాయింపు ఇచ్చింది. మామూలు రోజుల్లో రాత్రి 11 తర్వాత బాణసంచా కాల్చకూడదు, దీపావళి రాత్రి మాత్రం ఒంటిగంట దాకా కాల్చుకోవచ్చు. అదైనా సొంత పెరట్లోనే, వీధిలో కాల్చడం నేరం. కుక్కలు, పసిపిల్లలున్న ఇళ్లకి రెండు రోజుల ముందు ఒక చీటీ వేసి వస్తే ఎంతో గౌరవంగా ఉంటుంది.

కొన్ని పనులు మాత్రం నన్ను అడగకండి. పార్కింగ్ ఫైన్ నేను కొట్టేయించలేను. 14 రోజుల్లో సగం కట్టడమో, అప్పీలు చేయడమో మీరే చూసుకోవాలి. పక్కింటివాళ్ల ఎక్స్‌టెన్షన్ ఆపమంటే, ప్లానింగ్ వెబ్‌సైట్‌లో గడువులోగా, సాధారణంగా 21 రోజుల్లో, మీ అభ్యంతరం మీరే రాయాలి. వెలుతురు తగ్గుతుంది, మా ఇంట్లోకి కనిపిస్తుంది అంటే పరిశీలిస్తారు. మా ఇంటి విలువ పడిపోతుందంటే లెక్కలోకి తీసుకోరు.

ఇంకొక్క విషయం. ఓటు వేయడానికి మీకు బ్రిటిష్ పాస్‌పోర్టు అక్కర్లేదు. కామన్‌వెల్త్ పౌరులుగా, 18 ఏళ్లు నిండి, ఇక్కడ ఉండటానికి అనుమతి ఉన్న భారతీయులంతా కౌన్సిల్ ఎన్నికల్లోనూ, పార్లమెంటు ఎన్నికల్లోనూ ఓటు వేయొచ్చు. స్టూడెంట్ వీసా అయినా సరే. ఆన్‌లైన్‌లో కొన్ని నిమిషాల్లో రిజిస్టర్ అవ్వొచ్చు, నేషనల్ ఇన్సూరెన్స్ నంబర్ దగ్గర పెట్టుకోండి. పోలింగ్‌కి 12 పని దినాల ముందు గడువు ముగుస్తుంది. బూత్‌లో ఫోటో గుర్తింపు అడుగుతారు, భారత పాస్‌పోర్టు చెల్లుతుంది. కౌన్సిల్ ఎన్నికలు మామూలుగా మే మొదటి గురువారం, ఉదయం 7 నుంచి రాత్రి 10 వరకు ఉంటాయి. హాస్పిటల్‌లోనో, వేర్‌హౌస్‌లోనో లాంగ్ షిఫ్టులు చేసేవాళ్లు పోస్టల్ ఓటుకి ముందే అప్లై చేసుకోండి.