ఏఐ బొమ్మలతో కలంకారీకి మేలా, కీడా?

ఏఐ బొమ్మల వల్ల కళకూ సమాజానికీ ఉపయోగం ఉందా అని అడిగారు. వెదురు కలంతో చేత్తో గుడ్డ మీద గీసే శ్రీకాళహస్తి కలంకారీ వరకు చెబుతాను. కూర్పు ఆలోచించుకోవడానికి వాడితే మేలే. ఆ బొమ్మనే గుడ్డ మీద అచ్చేసి కలంకారీ అని అమ్మితే మాత్రం కచ్చితంగా కీడు.

చీర కొంగుకు కల్పవృక్షం కావాలనుకోండి. కొమ్మలు ఎటు వాలాలి, నెమళ్లు ఎక్కడ కూర్చోవాలి అన్నది ఏఐతో నాలుగైదు రకాలుగా కాసేపట్లో చూసుకోవచ్చు. నల్లగీతలే కావాలి, నీడలూ రంగులూ వద్దని అడగండి. రంగుల్లో అడిగితే వందల ఛాయలు పూసిస్తుంది, అవి ఇక్కడ పనికిరావు. ఎరుపుకు పటిక అద్ది ఉడకబెట్టాలి, పసుపూ నీలమూ ఆ తర్వాత విడివిడిగా వేయాలి.

దేవతామూర్తుల దగ్గర ఇంకా జాగ్రత్త. విష్ణువు చతుర్వింశతి మూర్తులను, అంటే 24 రూపాలను, గుర్తుపట్టేదే శంఖం, చక్రం, గద, పద్మం ఏ చేతిలో ఉన్నాయన్నదాన్ని బట్టి. ఏఐ వాటిని ఇష్టమొచ్చినట్టు మారుస్తుంది, కేశవుడు అడిగితే ఇంకో మూర్తి రావచ్చు. వేళ్లు, ముద్రలు కూడా లెక్కపెట్టి చూడండి. కరక్కాయ, గేదెపాలలో తడిపిన గుడ్డ మీద ఇనుము, బెల్లం పులియబెట్టిన ద్రావణం తగలగానే నల్లబడుతుంది, చెరపడం కుదరదు. అందుకే తప్పులన్నీ చింతపుల్ల బొగ్గుతో గీసేటప్పుడే దిద్దుకోవాలి.

నేరుగా ప్రింటుకు పంపితే ఇంకో చిక్కు. 1024 పిక్సెళ్ల బొమ్మను 45 అంగుళాల పన్నాకు (గుడ్డ వెడల్పుకు) సాగదీస్తే అంగుళానికి 23 చుక్కలు కూడా రావు, కనీసం 150 ఉండాలి. టూల్‌తో పెద్దది చేస్తే నగల అల్లిక ముద్దయిపోతుంది.

నన్ను ఎక్కువగా బాధించేది వేరే. బొమ్మలు గీసే ఏఐ స్టేబుల్ డిఫ్యూజన్ తొలి రూపాలకు నేర్పింది, 585 కోట్ల బొమ్మల లంకెలున్న లైయాన్-5బి అనే భండారం నుంచి తీసిన భాగాలతో. ఆ బొమ్మలు గీసినవాళ్లను ఎవరూ అడగలేదు. వాళ్ల చేతిపని చూసి నేర్చిన యంత్రం వాళ్ల పనికే పోటీ వస్తే, దాన్ని సమాజానికి మేలు అనలేను.

కొనేవాళ్లు గుడ్డ తిరగేసి చూడండి. చేత్తో వేసిన రంగు వెనక్కి దిగుతుంది, ప్రింటు వెనకవైపు చాలావరకు వెలిసినట్టుంటుంది. వెదురు కలం గీత ఒత్తిడిని బట్టి లావూ సన్నమూ అవుతుంది. అంచులో ఒకే లోపం ప్రతి పువ్వులోనూ అదే చోట కనిపిస్తే అది ప్రింటే.