ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు, గజ్జలో పోటు తగ్గలేదు

ప్రశ్న: మా తమ్ముడికి 24 ఏళ్లు. మూడు వారాల క్రితం బైకు మీద వెళ్తూ, ఎదురుగా వచ్చిన ఆటోకు మోకాలు గట్టిగా గుద్దుకుని పడిపోయాడు. ఎక్స్‌రేలో ఎముక విరగలేదన్నారు. కుంటుతూ నడుస్తున్నాడు గానీ, అడుగు వేసినప్పుడల్లా గజ్జలో పోటు వస్తోందని, మోకాలూ లాగుతోందని అంటున్నాడు. తుంటి ఎముక విరగడం ముసలివాళ్లకే కదా? పుత్తూరు కట్టు కట్టించి విశ్రాంతి ఇస్తే సరిపోదా?
– ఒక పాఠకురాలు, పీలేరు

జవాబు: కట్టు సంగతి తర్వాత చూద్దాం. ముందు మీ తమ్ముడిని ఆ కాలి మీద బరువు మోపనివ్వకండి. చంక కర్రలు ఇప్పించి, ఆలస్యం చేయకుండా ఎముకల డాక్టరుకు చూపించండి.

ముసలివారికి ఇంట్లో కాలు జారినా తుంటి విరుగుతుంది. పడుచువారి ఎముక గట్టిది కనుక దానికి పెద్ద దెబ్బే తగలాలి, బైకు ప్రమాదం సరిగ్గా అటువంటిదే. వంగి ఉన్న మోకాలికి తగిలిన దెబ్బ తొడ ఎముక గుండా తుంటి వరకు పాకి, బంతిలాంటి ఎముక తలను దాని గిన్నెలోంచి వెనక్కి తోసేయవచ్చు, గిన్నె అంచును పగలగొట్టవచ్చు, లేదా తలకు కింద ఉండే మెడ భాగంలో పగులు తేవచ్చు. కీలు పూర్తిగా తప్పితే కాలు కురచై, మోకాలు లోపలికి తిరిగిపోతుంది; మెడ విరిగి పక్కకు జరిగితే కాలు కురచై పాదం బయటికి వాలుతుంది. ఇవి ఎవరి కంటికైనా కనబడతాయి. తప్పిన కీలును 6 గంటల లోపే సరిచేయాలని డాక్టర్లు తొందరపడేది, ఎముక తలకు రక్తం అందక అది చచ్చుబడిపోతుందన్న భయంతోనే.

నన్ను కలవరపెట్టేది కనబడని రకం. మెడలో సన్నని పగులు మాత్రమే ఉంటే కాలు మామూలుగానే కనిపిస్తుంది, మనిషి నడుస్తాడు కూడా. వెల్లకిలా పడుకుని కాలు చాపి పైకెత్తినప్పుడు, లేదా డాక్టరు కాలిని లోపలికి తిప్పినప్పుడు గజ్జలో నొప్పి పెరిగితే అనుమానించాలి. తుంటికీ మోకాలికీ కొన్ని నరాలు ఉమ్మడిగా ఉండటం వల్ల తుంటి బాధ మోకాలిలో తెలుస్తుంది. అందుకే మోకాలికి మాత్రమే ఎక్స్‌రే తీసి పంపేయడం అరుదేమీ కాదు. మీ దగ్గరున్న ఫిల్ము దేనిదో ఒకసారి చూడండి. అది తుంటిదే అయినా సన్నని పగులు ఎక్స్‌రేకు చిక్కకపోవచ్చు, ఎం.ఆర్.ఐ.లో మాత్రం తెలుస్తుంది. తీయించాలా అని మీరే డాక్టరును అడగండి.

ఇక కట్టు విషయం. తుంటి కీలు కండరాల లోతున ఉంటుంది, పైనుంచి కట్టే ఏ కట్టూ ఆ పగులును కదలకుండా పట్టి ఉంచలేదు. పైగా కాలిని లాగి మర్దనా చేస్తే కుదురుగా ఉన్న పగులు జరిగిపోయి రక్తనాళాలు తెగవచ్చు. పగులు జరగకముందే తెలిస్తే తరచుగా స్క్రూలతో బిగించి సొంత కీలునే కాపాడతారు. ఎముక తల చచ్చుబడితే ఈ వయసులోనే కృత్రిమ కీలు దాకా వెళ్లవలసి రావచ్చు.

ఈలోగా పాదాన్ని పైకి ఎత్తలేకపోయినా, కాలు తిమ్మిరెక్కినా, నొప్పి ఒక్కసారిగా పెరిగి అడుగే వేయలేకపోయినా అపాయింట్‌మెంటు కోసం ఆగకుండా ఎమర్జెన్సీకి తీసుకువెళ్లండి.